తొమ్మిదడుగుల రెండంగుళాల దగ్గర

పోయినవారం టేపమ్మను కోపంలో వదిలేసి వచ్చాం. ఆ కోపం ఇంకా చల్లారలేదు, కాబట్టి మనం పోగొట్టుకున్నదేమీ లేదు. కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. సినిమా స్కూల్లో కెమెరా పాఠం చెప్పే మేడమ్‌ని పిల్లలు చాటుగా టేపమ్మ అంటారు, దూరం కొలిచే టేపు ఆవిడ మెడలో ఎప్పుడూ వేలాడుతుంటుంది గనక. ఇరవై రెండేళ్ళ కిందట వేరే దేశం నుంచి ఒంటరిగా వచ్చింది. ఆవిడ దగ్గర చేరిన ఎవరైనా సరే, మొట్టమొదట ఒక ఖాళీ గదిని మూడు నిమిషాలు తియ్యాలి. మనిషి ఉండకూడదు, కెమెరా కదలకూడదు, ఫోకస్ వెనకగోడ మీంచి జరక్కూడదు. గదిలో వినబడే శబ్దం కూడా రికార్డు చేసి ఇవ్వాలి.

నిచ్చెన అని పేరుపడ్డ పొడుగమ్మాయి నాలుగో గదిని తీసింది. ఆ షాట్‌లో సరిగ్గా ఒక నిమిషం నలభై సెకన్లకు ఫోకస్ గోడని వదిలి గది మధ్యకు వచ్చింది. ఏమీ లేని చోట పదకొండు సెకన్లు నిలబడి, తిరిగి గోడకి వెళ్ళిపోయింది. "నేను ఫోకస్ రింగు ముట్టుకోలేదు మేడమ్" అంది పిల్ల. శబ్దమేదంటే రికార్డు కాలేదంది. "అయితే కెమెరాకి చేతులు మొలిచాయా?" అని టేపమ్మ అందరి ముందూ ఆ పిల్లని కడిగేసి, మోసం చేసిందని ప్రిన్సిపాల్‌కి కాగితం రాసి పడేసింది. అభ్యాసంలో మోసం చేస్తే సీటు పోతుంది, అది ఆ స్కూలు నియమం. విచారణ ఇవాళ నాలుగింటికి.

ఇప్పుడు రెండయింది. టేపమ్మ తెరలు వేసిన క్లాసులో ఒక్కతే కూర్చుని ఆ షాట్‌ని ఏడోసారి చూస్తోంది. కాగితం రాసేశాక మళ్ళీ చూడాల్సిన పని లేదు. కానీ ఆవిడ మొండిదే గాని అన్యాయస్తురాలు కాదు. ఒక పిల్ల చదువు పోతున్నప్పుడు ఏడుసార్లు చూడ్డం తప్పదనుకుంది.

ఈ ఖాళీ గది పాఠం వెనక ఒక కథ ప్రచారంలో ఉంది. ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఆవిడకి భాష రాదు. షూటింగ్ జరగబోయే గదిలోకి పొద్దున్నే వెళ్ళి కూర్చుని, కిటికీ వెలుగు నేలమీద ఎలా జరుగుతోందో అరగంటకోసారి సుద్దముక్కతో గీత గీసేది. సాయంత్రానికి ఆ గీతలు చూపించి, ఫలానా వేళకి ఫలానా చోట మనిషిని నిలబెట్టండని వేలితో చెప్పేది. లైట్లు తక్కువ, హడావుడి అసలే లేదు. భాష రాక నోరు మూసుకుంటే, ఆ మౌనమే ఆవిడ శైలి అని పత్రికలవాళ్ళు రాశారు. వాళ్ళేం రాశారో చదువుకోవడానికీ అప్పుడు ఆవిడకి భాష లేదు. తర్వాత భాష వచ్చింది, పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది, పిల్లలకి చెప్పడానికి మాటలూ వచ్చాయి. "గది ఎప్పట్నుంచో ఇక్కడ కాపురం ఉంటోంది. మనం ఇవాళ దిగిన అద్దెవాళ్ళం. రాగానే మేకులు కొట్టకండి. మూడు నిమిషాలు నోరు మూసుకుని దాని సంగతేంటో చూడండి" అంటుంది. పిల్లలు నవ్వుతారు, రాసుకుంటారు కూడా.

ఆ మాట తనది కాదని, తన అన్నయ్యదని, ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

ఏడోసారి చూస్తున్నప్పుడు ఆవిడ గోడని చూడలేదు, గది మధ్యని చూడలేదు. ఫోకస్ వచ్చే తీరు చూసింది. గోడ మసకబారింది. కిటికీ వెలుగులో తేలుతున్న దుమ్ము తేటపడుతూ వచ్చింది. రావాల్సిన చోటికి వచ్చి, వెంట్రుకవాసి దాటి, తప్పు చేసినట్టు గబుక్కున వెనక్కి జరిగి అక్కడ ఆగింది.

రాసే చేతికి దస్తూరి ఉన్నట్టే ఫోకస్ తిప్పే చేతికీ ఉంటుంది. కొందరు ముందే ఆగిపోతారు, కొందరు తడుముకుంటూ వస్తారు. దాటి వెనక్కి రావడం మాత్రం కొత్తవాళ్ళ జబ్బు. ఈ పిల్ల కొత్తదే కదా, పిల్ల చెయ్యే అయ్యుంటుంది అనుకుని టేపమ్మ ఊపిరి పీల్చుకుంది. పీల్చుకున్నాక, ఎందుకు పీల్చుకున్నానా అని భయం వేసింది.

నిచ్చెనని నాలుగో గదికి రమ్మని కబురు పంపింది.

నాలుగో గది చిన్నది. సున్నం వేసిన గోడలు, ఎడమవైపు ఒకటే కిటికీ. వెనకగోడ మీద ఏనాడో తీసేసిన నోటీసు బోర్డు తాలూకు నలుచదరపు మరక. నేలమీద పిల్ల గీసిన సుద్దగీతలు అలాగే ఉన్నాయి, ఒక్కోదాని పక్కన టైము రాసి. కెమెరా స్టాండు మీద ఉన్నది ఉన్నట్టే ఉంది. విచారణ అయ్యేదాకా ఎవరూ కదపకూడదని ప్రిన్సిపాల్ ఆజ్ఞ, గది తాళంచెవి టేపమ్మ దగ్గరే ఉంటోంది.

పిల్ల గుమ్మంలో తల వంచుకుని లోపలికొచ్చింది. భయభక్తులతో కాదు, ఆ పొడుగుకి అలవాటైపోయింది.

"ఆ టేపు కొస పట్టుకో" అంది టేపమ్మ.

టేపు ఒక చివర కెమెరా పక్కనున్న కొక్కేనికి తగిలించారు. షాట్‌లో ఫోకస్ ఆగినప్పుడు నేలమీద ఏ గీత తేటగా కనబడిందో టేపమ్మకి గుర్తుంది, పదకొండున్నర గీత. పిల్ల టేపుని ఆ గీత దాకా లాగి, వంగి అంకె చదివింది.

"తొమ్మిదడుగుల రెండంగుళాలు మేడమ్."

టేపమ్మ ఆ గీత వంకే చూస్తోంది. పిల్ల ఇంకోసారి చదివింది, మేడమ్‌కి వినబడలేదేమోనని.

"వినబడింది. ఇటు రా. గోడ మీంచి ఆ గీతకి ఫోకస్ తిప్పు. నాలుగుసార్లు తిప్పు."

పిల్ల తిప్పింది. టేపమ్మ చిన్న తెరమీద కన్ను పెట్టి చూసింది. మొదటిసారి గీత దగ్గర ఠక్కున ఆగింది. రెండోసారీ అంతే. చెయ్యి కొత్తది గాని దిట్టమైనది. నాలుగుసార్లలో ఒక్కసారి కూడా దాటలేదు.

"ఎవరు నేర్పారు నీకు?"

"ఎవరూ నేర్పలేదు మేడమ్. మా అమ్మది బట్టలు కుట్టే కొట్టు. గీత దాటి కత్తిరిస్తే చేతిమీద ఒక్కటిచ్చేది. ఈసారి కూడా సీటు రాకపోతే కొట్లోనే కూర్చోవాలి అంది. మూడోసారికి వచ్చింది." పిల్ల లెన్సు మీంచి చెయ్యి తీసేసింది. "ఇవాళ్టితో మళ్ళీ కొట్టే అనుకుంటా."

"అబద్ధాలు చెప్పకపోతే కొట్టూ లేదు, ఏమీ లేదు. నీ చెయ్యి కాదు, సరే. ఆ రోజు ఈ గదిలోకి ఎవరొచ్చారు?"

పిల్ల నేలమీద గీతల వైపు చూపు దించుకుంది. ఆవిడ వంక చూడలేదు.

"నీ స్నేహితులెవరైనా వచ్చి ఆటపట్టించారా? చెప్పు, వాళ్ళ పేరు బయటపెట్టను."

"ఎవరూ రాలేదు మేడమ్."

"మరి దయ్యం వచ్చిందా?"

ఈ మాట ఎగతాళికే అంది. పిల్ల నవ్వలేదు సరికదా, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "మీరొచ్చారు మేడమ్" అంది.

"వచ్చాను. గీతలు చూశాను, బాగున్నాయన్నాను, టీకి వెళ్ళిపోయాను. అదీ ఒక రావడమేనా?"

"మీరు వెళ్ళలేదండీ. బాగున్నాయని అన్నాక, నేను కెమెరా ఆన్ చేశాను. మీరు నా పక్కనే నిలబడ్డారు. మూడు నిమిషాలూ ఉన్నారు." పిల్ల తన ఎడంచెయ్యి ఎత్తి లెన్సు మీద పెట్టి చూపించింది. "మీ చెయ్యి ఇలా వచ్చింది. నన్ను పక్కకి జరిపి, రింగు తిప్పారు."

టేపమ్మ మనసులో ఆ రోజుని వెతుక్కుంది. గుమ్మం గుర్తుంది. గీతలు గుర్తున్నాయి. ఆ తర్వాత చేతిలో వెచ్చటి టీకప్పు గుర్తుంది. ఆ రెండింటి నడుమ ఏమీ లేదు. ఖాళీ ఉందని ఇన్నాళ్ళూ తెలియనే లేదు. మనం మాత్రం ఎవరం వెతుక్కుంటాం చెప్పండి, టీ తాగడానికి ముందు నిమిషాన్ని?

"మరి క్లాసులో అంతమంది ముందు అడిగినప్పుడు చెప్పలేదేం? నిన్ను అన్ని మాటలన్నాను."

"అంతమంది ముందు ఎలా చెప్తానండీ? మీ కళ్ళు తెరిచే ఉన్నాయి గాని, మీరు చూడట్లేదు. మా నాన్నమ్మ నిద్రలో నడిచేది. అలాంటప్పుడు లేపకూడదు, తర్వాత చెప్పకూడదు అనేవాళ్ళు ఇంట్లో. అందుకే ఊరుకున్నా." ముక్కు తుడుచుకుంది. "శబ్దం కూడా అందుకే ఇవ్వలేదు. అందులో మీ గొంతుంది."

తేలు కుట్టిన దొంగలా నిలబడింది టేపమ్మ. అరవడానికి లేదు. ఎవరిమీద అరుస్తుంది? మార్కు దాటి వెనక్కి వచ్చే ఆ చెయ్యి ఎవరిదో మొదటిసారి చూసినప్పుడే ఆవిడకి లోపలెక్కడో తెలుసు. అది ఇరవయ్యేళ్ళ పిల్లగా ఉన్నప్పటి తన చెయ్యి. అన్న కెమెరామన్, తను అతనికి ఫోకస్ తిప్పిపెట్టే ఫోకస్ పుల్లర్. తను దాటినప్పుడల్లా అన్న వేలి కణుపుతో నెత్తిమీద చిన్నగా కొట్టేవాడు. ఈ దేశం వచ్చాక ఆవిడ ఎన్నడూ ఫోకస్ తిప్పలేదు. కెమెరామన్ అయ్యాక ఆ పని వేరేవాళ్ళు చేస్తారు. ఆ చెయ్యి ఇక్కడెవరికీ తెలియదు.

"ఆ శబ్దం నీ దగ్గరుందా?"

పిల్ల సంచిలోంచి రికార్డరు తీసి, చెవులకి పెట్టుకునేది మేడమ్‌కి ఇచ్చింది.

మొదట గది చప్పుడు. దూరంగా మెట్లమీద చెప్పులు, కిటికీ రెక్క. తర్వాత దగ్గరగా తన గొంతు, తన సొంత భాషలో. ఈ దేశం వచ్చాక ఎవరితోనూ మాట్లాడని భాష అది, మాట్లాడ్డానికి ఎవరూ లేక. ఆ మాటల్ని మన మాటల్లోకి మార్చి చెబుతున్నాను. "కదలకు అన్నయ్యా" అంది ఆ గొంతు, ఎంతో మామూలుగా, పక్కనున్న మనిషికి చెప్పినట్టు. ఆ తర్వాత మళ్ళీ గది చప్పుడే.

ఆవిడ చెవులమీంచి తీసేసింది.

"ఒకటే మాట ఉంది" అంది.

"రెండన్నారండీ మీరు. రెండోది రికార్డవలేదు. ఎందుకో తెలీదు, ఎన్నిసార్లు విన్నా దొరకలేదు. నాకు మాత్రం వినబడింది. మీకు జలుబు చేసినట్టుంది గొంతు, అప్పుడు."

"ఏమన్నాను?"

"నాకు అర్థం తెలీదు కదా మేడమ్."

"అర్థం అక్కర్లేదు. విన్నది విన్నట్టు అను."

పిల్ల కళ్ళు మూసుకుని, తెలియని పాట వల్లించినట్టు ఒక్కో అక్షరం పట్టి పట్టి పలికింది. పలకడం వంకరగానే ఉంది. అయినా అర్థం కావడానికి అది చాలు. "తోకా, ఇంకా వెళ్ళకు."

తోక అని ఆవిడని పిలిచింది ఈ లోకంలో ఒక్కడే. చిన్నప్పుడు అన్న ఎక్కడికెళ్తే అక్కడికి వెంటబడేదని పెట్టిన పేరు.

టేపమ్మ నేలమీదే కూర్చుండిపోయింది, సుద్దగీతలు చెరిగిపోతాయని కూడా చూసుకోకుండా. పిల్ల కంగారుపడి మంచినీళ్ళు తెస్తానంటే వద్దంది.

అందరికీ ఆవిడ చెప్పిన కథ వేరు. యుద్ధం వచ్చి ఊరు ఖాళీ చెయ్యమన్న రోజున, లారీ వీధిలో హారన్ కొడుతుంటే, "నువ్వు పో, నేను కెమెరా తీసుకుని వెనకే వస్తా" అని అన్న తనని పంపించాడని చెప్పింది. ఈ దేశంలో కాగితాల మీదా అదే రాయించింది. చెప్పీ చెప్పీ తనూ అదే నమ్మింది.

జరిగింది వేరు. సామాను తీసేసిన ఇంటిని ఆఖరిసారి తియ్యాలన్నాడు అన్న. తనే వెళ్ళి గది మధ్యలో నిలబడ్డాడు, చెల్లెలు ఫోకస్ చూడాలి కదా. టేపు లాగింది, తొమ్మిదడుగుల రెండంగుళాలు. కెమెరా నడుస్తోంది. హారన్ మోగింది. "కదలకు అన్నయ్యా, లారీని ఆపి ఇప్పుడే వస్తా" అని పరిగెత్తింది. "తోకా, ఇంకా వెళ్ళకు" అని వెనకనుంచి అన్నాడు. విన్నది. వినే వెళ్ళింది. ఆపడానికి లారీ ఎక్కింది, లారీ కదిలింది. రెండు వీధులు పోయేదాకా మెల్లగానే పోయింది. దూకి ఉంటే మహా అయితే మోకాలు చీరుకునేది. భయం వేసింది, దూకలేదు. అంతే. నెల తిరక్కముందే ఆ వీధే లేదని తెలిసింది.

"మేడమ్, నాలుగవుతోంది" అంది పిల్ల.

టేపమ్మ గోడ పట్టుకుని లేచింది. చీరుకోని మోకాలి లెక్క ఇరవై రెండేళ్ళుగా వాయిదా పడుతూ వచ్చింది. ఇంకో మనిషిని వదిలేసి, తను బండెక్కి పోవడం ఆవిడ వల్ల కాలేదు. "పద" అంది.

ప్రిన్సిపాల్ ఒకప్పుడు ఎడిటర్. ఎవరి మాటనైనా సగంలో కత్తిరించడం అప్పటి అలవాటు.

"కూర్చోండి మేడమ్ గారూ. నియమం అందరికీ తెలిసిందే, ఈ అమ్మాయి..."

"ఈ అమ్మాయి తప్పేం లేదండి. నా కాగితం వెనక్కి ఇచ్చేయండి."

"మీరే కదా రాసింది, షాట్‌లో ఫోకస్..."

"తిప్పింది నేను. నా చెయ్యే. తిప్పినట్టు నాకు గుర్తులేదు. రుజువు ఇదిగో, నా గొంతు ఇందులో ఉంది."

జీవితంలో మొదటిసారి ప్రిన్సిపాల్‌కి కత్తిరించడానికి ఏమీ దొరకలేదు. రికార్డరు విన్నాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"గుర్తులేదంటే ఎలాగండి? పిల్లల మధ్య తిరిగే మనిషి. ఇవాళ రింగు తిప్పారు, రేపు పైన కట్టిన లైటు విప్పుతారు. మీకు తెలీకుండానే విప్పుతారు."

"అదే నేనూ అనుకుంటున్నా."

"డాక్టర్ కాగితం తెచ్చేదాకా క్లాసులు వద్దు. ఆ నాలుగో గదికి తాళం వేయిస్తాను. తాళంచెవి మీ దగ్గరేగా ఉంది?" అడిగిన తీరులో కోపం లేదు, బాధే ఉంది. "పోనీండి, అమ్మాయి సీటుకి ఢోకా లేదు. ఒరే, అదే, అమ్మాయ్, వెళ్ళు, సోమవారం క్లాసుకి రా."

టేపమ్మ తాళంచెవి బల్లమీద పెట్టింది. ఎందుకో తేలికగా అనిపించింది. ఇరవై రెండేళ్ళలో తను చెప్పిన నిజాల్లో ఇది మొదటిది, సగమే అయినా. ప్రిన్సిపాల్ తాళంచెవి తీసుకుని తనే బయటికి నడిచాడు. ఇలాంటి పని ఇంకొకరికి చెప్పడం ఆయనకి మొహమాటం.

కారిడార్‌లో పిల్ల ఆవిడ పక్కనే నడిచింది. సీటు మిగిలిందన్న సంతోషం మొహంలో ఉంది, మేడమ్‌కి కనబడకుండా దాన్ని దాచుకోవాలన్న తంటా కూడా ఉంది.

"నావల్లే కదండీ మీకు ఇలా అయింది."

"నీవల్ల కాదు. నువ్వు నోరు మూసుకుని నీ చదువు పోగొట్టుకుందామనుకున్నావు. అలాంటి తెలివి ఇంకెప్పుడూ చూపించకు."

"సరే మేడమ్." నాలుగడుగులు వేసింది. "ఆ రెండో మాటకి అర్థం ఏంటండీ?"

టేపమ్మ ఆగింది. ఎవరికీ చెప్పని మాట, పొడుగ్గా ఎదిగిన ఈ పసిదానికి చెప్పడం ఎందుకో సులువుగానే ఉంది. "ఇంకా వెళ్ళకు అని."

"మీరు వెళ్ళారా?"

"వెళ్ళాను."

పిల్ల తల ఊపింది. ఇంకేదో అడగాలా వద్దా అన్నట్టు సంచి పట్టీ మెలితిప్పింది.

"అయితే ఇవాళ పొద్దున అన్నది అది కాదు మేడమ్. అది వేరే మాట."

"ఇవాళ పొద్దున నేను స్కూలుకే రాలేదే. పన్నెండింటికి వచ్చాను."

"గీతలు ఓసారి చూసుకుందామని వెళ్ళానండీ, తొమ్మిదింటికి. తలుపు తాళం వేసే ఉంది. లోపల మీ గొంతు వినబడింది, అదే జలుబు గొంతు. తాళంచెవి మీ దగ్గరే కదా, మీరే లోపల్నుంచి వేసుకున్నారనుకుని, తలుపు కొట్టకుండా వెళ్ళిపోయా."

కారిడార్ చివర్న ప్రిన్సిపాల్ నాలుగో గది తలుపు దగ్గరికి లాగుతున్నాడు.

"ఏమంది ఆ గొంతు? విన్నది విన్నట్టు అను."

పిల్ల కళ్ళు మూసుకుంది. ఈసారి వంకర లేకుండా, చక్కగా పలికింది. ఎన్నోసార్లు విన్నట్టు పలికింది.

"తోకా, ఇక కదలొచ్చా?"

అవతల తాళం పడింది.